ఆలోచించే ప్రాసెసర్

హనుమకొండ చౌరస్తా వెనక సందులో వినోద నడిపే కంప్యూటర్ల షాపు. మధ్యాహ్నం రెండున్నర. కౌంటరు మీద ఒక డెస్క్‌టాప్. దానికి ఇవతల లియాఖత్ అలీ, ఆర్టీసీ బస్టాండులో కంట్రోలర్‌గా చేసి రిటైరైన మనిషి.

“నా పాత లాప్‌టాప్ నాకియ్యి బేటీ, గంతే. ఇది నువ్వే పెట్టుకో.”

“కొని తొమ్మిది రోజులే అయింది చాచా. ఏం ఖరాబైందో చెప్పకపోతే ఎట్ల?”

“ఖరాబేం కాలె.”

“మరి?”

“స్క్రీన్ పెద్దగున్నది. కండ్లు గుంజుతానయ్.”

“స్క్రీన్ వెలుగు తక్కువ చేసిస్త. రెండు నిమిషాల పని.”

“సప్పుడు గూడ చేస్తాంది.”

“దీని ఫాన్ సప్పుడు పక్కన కూసున్న నాకే వినవడుతలేదు. నీ పాతదే గదా పిండి గిర్నీ లెక్క మొత్తుకునేది.”

“గిర్నీ సప్పుడు నాకు అలవాటే.”

“చాచా, నిజం చెప్పు. పాతది ఎక్స్చేంజ్‌ల ఇచ్చినవ్. పెట్టెల పెట్టి టేపు గూడ ఏసిన. మూడింటికి పార్సిల్ బండొస్తది. ఎక్స్చేంజ్ లాప్‌టాప్‌లన్ని హైదరాబాద్ పోతానయ్. అక్కడ విప్పి సామాను సామాను చేస్తరు.”

“అందుకే ఉరికొచ్చిన. ఇంక ఇరవై ఎనిమిది నిమిషాలున్నది.”

“రిటైరైనా టైం ఇడువవు గదా నువ్వు.”

“మాట మార్చకు. పాతది ఐ-ఫైవ్. ఇది ఐ-త్రీ. అయిదు పెద్దదా, మూడు పెద్దదా? పెద్దది తీసుకొని నాకు చిన్నది అంటగట్టినవ్.”

“బస్సు నంబర్ పెద్దదైతే బస్సు కొత్తదైతదా చాచా?”

“కాదు.”

“ఇదీ గంతే. పాతదాని ప్రాసెసర్ నాలుగో జనరేషన్‌ది. ఇది పన్నెండోది. పాతదాంట్ల రెండు కోర్లు, అంటే ఇద్దరు కూలీలనుకో. అది గూడ లాప్‌టాప్‌ల పెట్టేది. బాటరీ అయిపోతదని భయం భయంగ, పదిహేను వాట్లు తిని ఒళ్లు దాసుకుంట పనిచేస్తది. దీంట్ల నలుగురు. అరవై వాట్లు తింటరు, ఆగకుండ చేస్తరు. టెస్ట్ పెట్టి సూపియ్యనా? ఆరింతల ఫరక్ వస్తది.”

“సూపియ్యకు. ఫాస్ట్ ఉన్నదని నాకు తెలుసు.”

“తెలిసి గూడ?”

“అదే నా తక్లీఫ్.”

“ఫాస్ట్ ఉంటే తక్లీఫా?”

“జర కూసుంటనా?”

“కూసో. ఆ స్టూల్ గుంజుకో. చాయ్ చెప్పనా?”

“వద్దు. పని ఉన్నదా నీకు?”

“ఉంటే ఉండనియ్. చెప్పు.”

“షత్రంజ్ ఆడుత నేను. చదరంగం.”

“ఎరుకే. చెస్ కావాలన్నవని దీంట్ల మంచి ప్రోగ్రాం ఏసిచ్చిన.”

“నేను గుర్రాన్ని జరిపి వేలు లేపకముందే జవాబొస్తాంది.”

“అంత మంచిగ పనిచేస్తాంటే…”

“ఏం మంచి? పాతది ఆలోచించేది బేటీ. నేను ఒక ఎత్తు ఏస్తే నాలుగు నిమిషాలు తీసుకునేది. కష్టమైన ఎత్తయితే పది. అప్పుడు నేను లేచి చాయ్ పెట్టుకునేది. స్టవ్ కాడ నిలవడి సూసుకుంట ఉంటే, అదింక ఆలోచిస్తాంటది. నేను చేసిన పని గురించే ఆలోచిస్తాంది గదా అనిపించేది.”

“ఊఁ.”

“ముప్పై నాలుగేండ్లు బస్టాండ్ల కూసున్న. తొర్రూరు బండి ఎప్పుడు, నర్సంపేట బండి పోయిందా అని పొద్దంత అడిగేటోళ్లు. ఇసుగొచ్చి కసిరేది. రిటైరైన మర్నాటి సంది ఒక్కలు ఏమడుగలె. షాదీ చేసుకోలె, పిల్లల్లేరు. ఆ డబ్బ ఒక్కటి, నేను ఏం చేసినా నాలుగు నిమిషాలు దాని గురించి పట్టించుకునేది. నవ్వుతె నవ్వు.”

“నవ్వుతలేను చాచా.”

“ఈ కొత్తదేమో నన్ను సూడనే సూడది. కిటికీల కెల్లి టికెట్ పడేసినట్టు పడేస్తది.”

“సరే, దీన్ని స్లో చేస్త. అసొంటి సెట్టింగ్ ఉంటది. ఎత్తుకు నాలుగు నిమిషాలు ఆగుమంటే ఆగుతది.”

“ఆగుతది. ఆలోచించది.”

“నీకెట్ల తెలుస్తది?”

“డ్రైవర్ ట్రాఫిక్‌ల ఆగిండా, కావాలని బండి ఆపిండా నాకు తెల్వదా? నా పాతది నాకియ్యి.”

“ఒక్క నిమిషం. నాలుగు నిమిషాలు అన్నవా?”

“నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. సగటు. గడియారం పెట్టి సూసిన.”

“కాదు చాచా, అంత పట్టది.”

“పట్టింది. ఆరేండ్లు సూసిన.”

“విను. ఈ డెస్క్‌టాప్ పావు సెకన్ల ఎత్తు ఏస్తే, నీ పాతది ఆరింతలు తీసుకోని. ఒకటిన్నర సెకను. పోనీ ముసలిదైంది, రెండు సెకన్లు. నాలుగు నిమిషాలు ఎక్కడికెల్లి వస్తయి?”

“వేడెక్కేది. ఎండలకు మరీ. మధ్యాహ్నం ఒంటిగంట సంది మూడు దాక ఒక్క ఎత్తు రాకపోయేది.”

“ఎండకాలమా?”

“ఎండకాలం.”

“చలికాలం?”

“చలికాలం గూడ.”

“చలికాలం ఎందుకు వేడెక్కుతది?”

“నన్నడిగితే? మెకానిక్‌వి నువ్వు.”

“పొద్దుగాల ఎట్లుండేది?”

“అయిదున్నరకు మస్తు హుషారు. రెండు నిమిషాలకే జవాబు. రాత్రి తొమ్మిది కొట్టిందంటే బంద్. తెల్లారేదాక కదలది. అది గూడ అలిసిపోయిందని నేనూ పండుకునేది.”

“పోయినేడు వానకాలం పట్కొచ్చినవ్ గదా, హాంగ్ అయిందని.”

“పదకొండు రోజులు ఒక్క ఎత్తు రాలె. నువ్వే దుమ్ము తీసి, ప్రాసెసర్ మీద కొత్త పేస్ట్ పూసినవ్. మర్నాడే ఆడింది. నీ చేతిల బర్కత్ ఉన్నదని మజీదుల దువా గూడ చేసిన.”

“దాంట్ల ఖరాబే లేకుండె చాచా. నువ్వు అంత ఫికర్ పడుతానవని దుమ్ము తీసిచ్చిన, గంతే.”

“మరి ఎట్ల బాగైంది?”

“అదే సమజైతలేదు. దాని మీద ఎన్ని ఆటలు గెలిచినవ్?”

“ఏడు వందల పద్దెనిమిది ఆటలల్ల మూడు వందల ఆరు నాయి.”

“ఈ కొత్తదాని మీద?”

“ఒక్కటి గూడ లేదు.”

“పాత ప్రోగ్రాం మీద గూడ నువ్వు ఒక్కటి గెలువద్దు. నువ్వు కాదు, ఈ వరంగల్ల ఎవ్వలు గెలువరు. ఆగు, పెట్టె విప్పుత.”

“ఇస్తానవా మరి?”

“సూస్తాన. లేవకు, నేనే తెస్త. ఇగో, నీదే గదా? మూత మీద గీతలున్నయి.”

“నాదే. దాన్ల ఉన్నది తుడిచేసినవా?”

“ఇయ్యాల తుడిచేదుండె. పొద్దున కరెంట్ పోతె, హైదరాబాద్‌లనే తుడుస్తరని అట్లనే పెట్టెల పెట్టిన. వైరు పెట్టు. షాపు వైఫై ఇస్తాన. చెస్ ఎక్కడున్నది?”

“ఆ నీలం గుర్తు. నొక్కితే బోర్డొస్తది. భానుచందర్ పెట్టిచ్చిండు, నీ దగ్గర పనిచేసిపోయినోడు. ఇంకో మనిషి అవసరం లేకుండ ఆడేది పెట్టు బిడ్డా అన్న. పెట్టిండు.”

“నువ్వు చెప్పేటప్పుడు వాడు చెవుల దూది పెట్టుకున్నడు. ఇది ప్రోగ్రాం కాదు.”

“మరేంది?”

“వెబ్‌సైట్. ఎత్తుకు పద్నాలుగు రోజుల గడువు. పైన పేరున్నది సూడు, పి-ఎల్-1959.”

“అది ప్రాసెసర్ నంబర్.”

“ప్రాసెసర్ నంబర్ అట్లుండది.”

“మోడల్ నంబర్ అనుకున్న మరి.”

“ఒక ఆట అయిపోయినంక ఏం చేసేది నువ్వు?”

“‘మళ్లీ ఆట’ అని వస్తది. నొక్కేది. కొత్త బోర్డొచ్చేది.”

“అవతల గూడ నొక్కితేనే వస్తది అది.”

“అవతలెక్కడ?”

“చాచా, ఈ డబ్బ ఆరేండ్లల్ల ఒక్క ఎత్తు గూడ ఆలోచించలె. ఇది కిటికీ. గంతే. నాలుగు నిమిషాలు ఆలోచించింది ప్రాసెసర్ కాదు.”

“మరి ఎవలు?”

“మనిషి. మధ్యాహ్నం తిని పండుకునే మనిషి. రాత్రి తొమ్మిదింటికి దీపం ఆర్పే మనిషి.”

“పరేశాన్ చెయ్యకు బేటీ.”

“నీ మీద ఒట్టు.”

“ఏడు వందల ఆటలూ ఒక్క మనిషేనా?”

“ఒక్క మనిషే.”

“వినోదక్కా, పార్సిల్ బండి రోడ్డు మీద పెట్టిన. పెట్టెలు ఎక్కియ్యాల్నా?”

“ఎక్కియ్యి యాకన్నా. ఈ విప్పిన పెట్టె ఒక్కటి ఉండనియ్.”

“లిస్టుల తొమ్మిదున్నయి. ఎనిమిదే పోతె వాళ్లు నన్నడుగుతరు.”

“ఒకటి వాపస్ తీసుకున్నరని చెప్పు. నేను ఫోన్ల మాట్లాడుత. పో.”

“ఖుష్ ఉండు బేటీ.”

“అది సరే గాని, ఈ మూలకు ఎర్ర చుక్క ఉన్నది. ఎన్నడన్న నొక్కినవా?”

“తోబా. ఎర్రది ఏదొచ్చినా నొక్కకు చాచా, బ్యాంకుల పైసలు పోతయి అని చెప్పిండు భానుచందర్. ఒక్కనాడు నొక్కలె.”

“అవి మెసేజ్‌లు. అవతలి మనిషి నీకు రాసినయి.”

“ఎన్ని?”

“రెండు వేలు దాటినయి.”

“సదువు. ఆగు, సదువకు. ఏమన్న తిట్టిండేమో.”

“తిట్టలె.”

“సదువు మరి.”

“మొదటిది ఆరేండ్ల కిందిది. ‘నమస్కారం. నా పేరు ప్రేమలత. ఊరు వర్ధన్నపేట. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాను. మీరు గుర్రాలను బాగా ఆడిస్తారు. మీ పేరేమిటి?’”

“ఆడమనిషా?”

“ఆడమనిషే.”

“వర్ధన్నపేట. గంట గూడ పట్టది.”

“మల్ల నాలుగు రోజులకు, ‘మీకు తెలుగు రాదా?’ మల్ల వారానికి, ‘మీరు పలకకపోయినా పర్వాలేదు. లైనులో మనిషి ఉన్నట్టు తెలిస్తే నాకు చాలు.’ రెండు నెలలు ఇట్లనే ఉన్నయి. ఆ తర్వాత…”

“తర్వాత?”

“ఇక్కడి సంది ‘నువ్వు’ అని రాస్తాంది.”

“దాంట్లేమున్నది? మనదిక్కు అందరిని నువ్వే అంటం గదా.”

“అంటం. గాని ఈమె మొదలు మీరు అన్నది. ఉన్నట్టుండి మార్చింది.”

“ఎందుకు?”

“వద్దులే చాచా. తర్వాత సదువుకో.”

“నాకు అద్దాలు లేవు. సదువు.”

“‘ఇయ్యాల నాకు సమజైంది. పొద్దుగాల అయిదున్నరకు ఎత్తు ఏస్తే నిమిషంల జవాబిస్తవు. రాత్రి ఎనిమిదింటికి ఏసినా నిమిషమే. దసరా నాడు గూడ నిమిషమే. మనిషికి పనుంటది. సుట్టాలొస్తరు. ఊరికి పోతడు. ఇంత ఫాస్ట్‌గ, ఇన్ని దినాలు ఎవ్వలు కూసోరు. నువ్వు మిషన్‌వి.’”

“నాకేం పనుంటది బేటీ.”

“నీళ్లు తాగుతవా?”

“నేను గూడ మనిషినని ఒక్క మాట రాస్తే అయిపోయేది. ఎర్ర చుక్క. ఎర్ర చుక్కకు భయపడ్డ.”

“బాధపడకు. విను, ఇంకున్నది. ‘మిషన్‌వైతే మరీ మంచిది. నీకు ఏం చెప్పినా ఇంకొకలకు చెప్పవు.’ అప్పటి సంది రోజూ రాసింది. నల్లా నీళ్లు రాలేదని, పప్పు మాడిందని. పొద్దుగాల అద్దంల సూసుకుంటే తన మొఖం తనకే కొత్తగ అనిపించిందట. ఎక్స్చేంజ్‌ల ఉన్నన్ని దినాలు ఊరంత తన గొంతు విన్నదట. ఇప్పుడు మూడు రోజులైనా తన గొంతు తనే వినదట. అందుకే ఎత్తు ఏసేముందు పైకి చెప్పి ఏస్తదట. ‘ఏనుగు జరుపుతాన, సూసుకో’ అని.”

“నేను గూడ చెప్త. ‘ఆ, సూసుకున్న’ అంట.”

“పోయినేడు వానకాలందున్నది ఒకటి.”

“పదకొండు రోజులదా?”

“‘దవాఖానల పండబెట్టిండ్రు. ఇంటికొచ్చి చెప్పులు ఇడువకముందే బోర్డు తెరిచిన. నీ ఎత్తు అట్లనే ఉన్నది. నాకోసం ఆగింది నువ్వొక్కదానివే. మిషన్ ఆగుతదని ఎరుకే, అయినా ఏడుపొచ్చింది.’”

“ఆ పదకొండు రోజులు నాకు బువ్వ సయించలె. లాప్‌టాప్ సచ్చిపోయిందనుకొని నీ కాడికి ఉరికొచ్చిన. మనిషికి పానం బాగలేకపోతె నేను డబ్బను మోసుకొచ్చిన సూడు.”

“చాచా, ఇయ్యాలటిది గూడ ఉన్నది. పొద్దుగాల అయిదు నలభైకి పెట్టింది.”

“ఎత్తు ఎవలది నడుస్తాంది?”

“నీదే. తొమ్మిది రోజుల సంది.”

“యా అల్లా. సదువు.”

“మల్ల ‘మీరు’ అని రాసింది.”

“సదువమన్న గదా.”

“‘తొమ్మిది రోజులైంది. ఏ మిషనూ ఒక్క ఎత్తుకు ఇంతసేపు ఆలోచించదు. ఒంట్లో బాగానే ఉందా? మీరు మనిషే అయితే, ఇన్నేళ్లు నువ్వు అన్నందుకు మన్నించండి.’”