ఎడమచేతి కత్తులు

గడ్డం గీసుకునే కత్తులు చేసే ముసలాయన, కొత్తవి చేయించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి చేతిని కాగితం మీద పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీత గీశాడు. చెయ్యి చూడందే ఆయన పిడి చెక్కడు.

“వారానికి ఏడు కత్తులండీ, రోజుకొకటి. అన్నీ ఎడమచేతి వాటానికి చెయ్యండి.”

“మీరు పెట్టింది కుడిచెయ్యి కదండీ.”

“నాది కుడిచేతి వాటమే. ఎడమ నేర్చుకుంటాను.”

“ఈ వయసులో ఎందుకండీ? మెడ దగ్గర పని.”

“మా బావమరిది బాధ పడలేకండీ. నాలుగు రోజులుంటానని వచ్చి నాలుగు నెలలైంది. పొద్దున్నే నేను సబ్బు రాసుకునేసరికి ఏ చేతికైనా పట్టే నా బజారు కత్తితో వాడు మీసం దిద్దుకుంటూ ఉంటాడు. ఎడమచేతివైతే వాడికి పనికిరావు.”

“ఆయనది కుడిచేతి వాటమేనా?”

“రోజూ చూస్తున్నదేగా. వాడు స్నానాలగదిలో, నేను మొహం మీద సబ్బు ఆరబెట్టుకుంటూ గుమ్మం బయట. కుడిచేత్తో తీరిగ్గా దిద్దుకోవడం అద్దంలో కనిపిస్తూనే ఉంటుంది.”

ముసలాయన పెన్సిలు కింద పెట్టాడు. “అద్దంలో కుడి అంటే మనిషికి ఎడమండీ.”

పెద్దమనిషి గోడకున్న అద్దంలోకి చూస్తూ ఒక చెయ్యి ఎత్తాడు. అది దించి రెండోది ఎత్తాడు.

“అంటే ఏడుకి ఏడూ వాడి చేతికి అతికినట్టు సరిపోయేవన్నమాట.”

“పోనీ, ఆయనకొకటి చేయించి ఇచ్చెయ్యండి. మీవాటి జోలికి రాడు.”

“బాగానే చెప్పారు. సొంత కత్తి కూడా అమిరాక వాడింక మా ఇల్లు కదులుతాడా?”