ఎర్ర మేకు

ఆ మేకు జోలికి పోకు వదినా! చెయ్యి తియ్యి. ఆ ఎర్ర రంగు కొట్టిన మేకును జర గట్లనే ఉండనియ్యి.

కసురుకున్న అనుకోకు. చీపురు పక్కన పెట్టి ఇట్ల కూసో. నీతోని ఒక మాట మాట్లాడాలె. ఎక్కడ మొదలువెట్టాల్నో తెలుస్తలేదు. సరే, ఈ మేకు కాడ్నుంచే మొదలువెడత.

ఎయిర్‌పోర్ట్ పడ్డంక శంషాబాద్‌ల ట్యాక్సీలు ఎవ్వలైనా నడుపుతరు. బండ్లు కొనుడు కాదు కష్టం. ఏ బండికి ఏ పని చెయ్యాల్నో యాది పెట్టుకునుడు కష్టం. ఒకదానికి టైరు, ఒకదానికి ఆయిలు, ఒకదానికి ఇన్సూరెన్సు. మనయి ఆరు బండ్లు. బండికి నెలకు ఐదు పనులు పట్టుకో, ముప్పై అయితయి. ముప్పైట్ల ఒక్కటి మరిచినా గిరాకి రోడ్డు మీద నిలవడ్తడు.

మొదాల డైరీ రాసిన. గీతలు కొట్టి, రంగురంగుల పెన్నులతోని. ఐలన్న చూసి ఏమన్నడో ఎరికేనా? "అరే అర్విందూ, పనులు రాస్తున్నవా, పెండ్లి పత్రిక రాస్తున్నవా?" అన్నడు. నీ మొగడు గట్లనే అంటడు గద! అంటే అన్నడు గని, నిజమే అన్నడు. డైరీ నా సంచిల ఉండె, పని బండిల ఉండె.

తర్వాత ఫోన్‌ల అలారాలు పెట్టిన. గిరాకితోని బేరం ఆడుతుంటే కుయ్యిమని మొత్తుకుంటది. దాని నోరు మూసి జేబుల వేసుకుంటి. అంతే, మరిచిపోతి.

ఇగ గోడకు తెల్ల బోర్డు కొట్టిన. నాకు మంచిగనే ఉండె గని, డ్రైవర్లు ఒక్కడు దాని మొకం చూడలె. గగన్‌పహాడ్ కాడ లారీల నడుమ ఇరుక్కొని వచ్చినోడు, తాళం గుంజుకొని మళ్ల ఉరుకుతడు. బోర్డు చదువుకుంట నిలవడ్తడా?

గప్పుడు సమజయింది. అందరు చూసేది తాళాలను. అయితే ఇగ తాళమే యాది చెయ్యాలె! ఆరు బండ్లకు ఆరు మేకులు, వాటి పక్కన ఈ ఎర్ర మేకు. పని మిగిలిన బండి తాళం ఎర్ర మేకుకు పోతది. దాన్ని ఎవ్వడు ముట్టొద్దు. పనైనంక నేనే తీసి దాని జాగల పెడత. రాసుడు లేదు, చదువుడు లేదు. ఎంత మంచిగ నడిచె వదినా!

నీకు చెప్పలే. నువ్వు బండి నడపవు గద, నీకెందుకు అనుకున్న.

నిన్న దసరకు బండ్లకు పూజ చేస్తిమి. కడిగి, బంతిపూలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడితిమి. తాళాలన్ని గుంజి పళ్లెంల వేసి అమ్మవారి ముంగట పెట్టింది నేనే. బొట్లు పెట్టింది నువ్వు. పూజ కాంగనే నేను జమ్మికి ఉరికితి. తాళాలు మళ్ల గోడకు పెట్టింది… అవును, నువ్వే. ఎంత సక్కగ పెట్టినవు! మేకుకు ఒక్కటి, వరుసగ. ఎర్రది ఖాళీ.

తప్పు నీది అంటలేను. విను.

పొద్దుగాల వచ్చి చూసిన. ఎర్ర మేకు ఖాళీ. నాకు ఏమనిపించిందో చెప్పాల్నా? సంబరమనిపించింది! కొట్టిన కాడ్నుంచి ఆ మేకు ఒక్క దినం ఖాళీ లేదు. పండగ పూట పనులన్ని ఒడిశినయి, అమ్మవారి దయ అనుకున్న. ఫోటో గూడ తీసిన. ఇగో, ఫోన్‌ల ఉన్నది.

ఒక్క నిమిషం… కాదు, ఎవ్వలు చెయ్యలే. ఊకెనే చూసిన.

నీళ్లు తాగుతవా?

ఇందాక మెకానిక్ యాదయ్య వచ్చిండు, సంచిల బ్రేకు సామాను పట్టుకొని. "పండగైనంక రమ్మంటివి గదన్నా, బూడిద రంగు బండి ఏది?" అన్నడు. బయటికి పోయి చూస్తే తెల్ల బండి ఉన్నది. బూడిద రంగుది లేదు.

ఆఁ, తెల్లది. ఐలన్న రోజూ నడిపేదే. వాకిట్లనే ఉన్నది, నువ్వు వచ్చేటప్పుడు చూడలేదా?

లేవకు వదినా. కూసో. నీ కాల్మొక్త, కూసో.

గిరాకి ముసలోల్లు. శ్రీశైలం పోవాలె, ఏసీ కావాలె అన్నరు. తెల్ల బండిల ఏసీ ఇయ్యాల్నే బందయింది. అన్న బూడిద రంగుదాంట్ల ఎక్కించుకొని కందుకూరు మీదికెల్లి పదకొండింటికి పోయిండు. ఇప్పుడు రెండు. గంటకు యాభై లెక్కన నూటయాభై… అడవిల ఉంటరు. అడవిల సిగ్నల్ ఉండదు, గందుకే ఫోన్ కలుస్తలేదు. గంతే. వేరే ఏం లేదు.

అడవి మొదట్ల మన్ననూరు గేటు కాడి చాయ్ హోటలాయనకు ఫోన్ చేసిన. బంతిపూల దండ కట్టిన బూడిద రంగు బండి దాటిపోయిందట. యాదయ్యను మోటర్‌సైకిల్ మీద ఎనక పంపిన. అందుకుంటడా? నోటి లెక్క నాకు జల్ది వస్తది గద. ఆ లెక్క మాత్రం చేస్తలేను.

సాపు రోడ్డు మీద ఆ బ్రేకులు ఆగుతయి. ఎక్కుడు గూడ ఫికర్ లేదు. డోమలపెంట దాటినంక డ్యాం కాడికి ఆ ఘాట్ దిగుడు ఉన్నది సూడు…

గట్ల చూడకు వదినా. అన్నకు తెల్వదా అంటున్నవా? ఐలన్నకు తెల్వకనా! తాళం పట్టుకొని ఇక్కడనే నిలవడ్డడు, నువ్విప్పుడు కూసున్న కాడ. "అర్విందూ, దీనికి బ్రేకు పని ఉండె గదరా. అయిందా?" అని అడిగిండు.

అడిగిండు వదినా. నోరు తెరిచి అడిగిండు.

నేను యాదయ్యకు ఫోన్ చెయ్యలే. యాది గూడ చేసుకోలే. "మేకు చూడన్నా," అన్న. "ఖాళీ ఉన్నది. ఖాళీ అంటే పనైనట్టే."

ఆయన మేకును చూసిండు. నా మొకం చూసిండు. "నువ్వు చెప్పినంక ఇగ ఏముంటది తమ్మీ," అని నవ్వుకుంట పోయి బండెక్కిండు.