కొన్నోడి ఖర్చు

"ఒరే ఓబులేసుగా" అని పాలడెయిరీ కాడ నుంచే అరుచుకుంటా రావల్నా నాగేశ్వర బావా? వీధిలో ఉండే ఆడోళ్లంతా పని ఇడిచిపెట్టి వాకిట్లోకొచ్చి చూస్తాండారు. నా పెండ్లికి కూడా నువ్వు ఇంత తొందరగా రాలేదే.

కూచో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఇరిగిపోయింది. ఈ మంచం మీద కూచో. ఫ్యాను వేస్తాను. ముందు నీళ్లు తాగు. తాగినంక మళ్ల అరుద్దువులే, నేనేమీ పారిపోను.

నాకు నవ్వొస్తాండాది బావా. ఆపుకుందామంటే ఆగడం లేదు. నీకు కోపమొస్తే రానీ.

మా లలితమ్మ నీకంటే ముందే, తొమ్మిది గంటల బస్సుకే దిగింది. నీకు చెప్పలేదా? చెప్పదులే. మొగుడు కారులో, పెండ్లాం బస్సులో, ఇద్దరూ వచ్చేది ఒకటే ఇంటికి, ఒకటే పనికి. లోపల మా సుబ్బరత్నతో కలిసి సంగటి గెలుకుతాండాది. తినే పోవల్ల నువ్వు. చెల్లెలి మొగుణ్ణి వట్టి కడుపుతో పంపించినాడు అని ఊరోళ్లు నన్ను ఆడిపోసుకుంటారు.

సరే, ఇట్లియ్యి ఆ కవరు. చేను కొంటామన్న బెంగళూరోళ్ల లాయరు రాసినాడా దీన్ని? ఇంగ్లీషు నాకెట్ల తెలుస్తుందప్పా, పదో తరగతి తప్పినోణ్ణి. అయినా చదవాల్సిన పనేముండాది. ఇందులో ఏం రాసినారో నేనే చెప్తా విను.

చిలమత్తూరు రోడ్డు పక్కన పంతొమ్మిదేండ్లుగా నువ్వు సేద్యం చేస్తాండే బాయి చేను, నాలుగెకరాలు, అది నీది కాదు. దాని సర్వే నంబరు రెండు వందల పన్నెండు బై మూడు. నీ దస్తావేజులో ఉండేది రెండు వందల పన్నెండు బై రెండు. అంటే దాని పైన ఉండే గుట్ట వార. నేను మేకలు తోలే గుట్ట. కాగితం ప్రకారం గుట్ట నీది, బాయి చేను నాది. ఇదే కదా రాసినాడు?

ఈ శుక్రవారం లోపల సవరణ దస్తావేజు తేకపోతే వాళ్లు కొనరు. తీసుకున్న అడ్వాన్సు నువ్వు రెండింతలు తిరిగియ్యల్ల. ఆ సవరణకు అమ్మినోడి సంతకం కావల్ల. ఆ అమ్మినోడు ఈడ నీ ముందర చాప మీద కూచోని వక్కాకు నమల్తాండాడు.

అందుకే కదా ఈ అరుపు.

ఎట్ల పడింది ఈ తప్పు అంటావా? నీ చేతులతో నువ్వు వేసుకున్నావు బావా. మార్కండేయ దస్తావేజులు రాస్తాడు, చేనుకు పోయి హద్దులు చూసి మరీ రాస్తాడు, ఆయన కాడికి పోదాం అని నేనన్నాను. ఆయన ఎక్కువ తీసుకుంటాడన్నావు. సర్వేయరును పిలుద్దామన్నాను. మనలో మనకు సర్వేయరు ఎందుకన్నావు. నీకు తెలిసిన ఒకణ్ణి పట్టుకొచ్చి మా నాయన నాకు పంచిచ్చిన భాగాల కాగితం, నంబర్లు వరుసగా ఉండేది, వాని ముందర పడేసి, దీన్ని చూసి ఎక్కించప్పా అన్నావు. వాడు ఎక్కించినాడు. ఒక వరుస పైది ఎక్కించినాడు. నంబరుతో పాటు నాలుగు హద్దులూ ఆ పై వరుసవే.

రాత కూలి మాత్రం బాగా మిగిలింది నీకు.

ఉండు, నన్ను చెప్పనీ. ఇన్నేండ్ల నుంచి చెప్పల్లని ఉండాది. ఈ పొద్దు నువ్వు లేచి పోలేవు కదా, అదే నాకు సంబరం.

ఆ యేడు వానల్లేక చెనిక్కాయ పంట ఊడలు దిగకుండానే ఎండిపోయింది. మా నాయనకు కిడ్నీలు చెడిపోయినాయని బెంగళూరు ఆసుపత్రిలో పండబెట్టినాం. బాయి చేను అమ్మితే తప్ప దారి లేదు. బయటోళ్ల పాలు ఎందుకు చేస్తావు, నేనే తీసుకుంటానన్నావు. రెండు లక్షలన్నావు. అది తక్కువే. తెలుసు. తెలిసే నేను నీ కాళ్లు మొక్కినాను. నీకు గుర్తుండదు. మొక్కినోనికి గుర్తుంటుంది.

రిజిస్ట్రారాఫీసు బయట బెంచీ మీద కూచోబెట్టి, సిగిరెట్టు పెట్టె చించి దాని అట్ట మీద రాసుకుంటా పోయినావు. స్టాంపులు. రిజిస్ట్రేషన్ ఫీజు. చేను మీద అప్పుల్లేవని ఈసీ తీసినందుకు. రాసినోని కూలి. జీపు బాడిగ. సాక్షుల భోజనం. మన పక్క ఇవన్నీ అమ్మినోడే పెట్టుకోవల్ల, అదే పద్ధతి అన్నావు. బావ చెప్తాండాడు కదా, ఆయనకు లోకం తెలుసు కదా అనుకున్నాను. రెండు లక్షల్లో ముప్పై వేలు కోసి మిగిలింది నా చేతిలో పెట్టినావు.

రెండేండ్ల తర్వాత నేను మేకల దొడ్డికని ఊరి బయట ఒక సైటు కొన్నాను. మార్కండేయ రాసినాడు దస్తావేజు. ఖర్చులన్నీ అమ్మేటాయన్ను అడిగి ఇప్పించు సామీ అన్నాను. ఆయన కండ్లద్దాలు తీసి నా మొహం చూసినాడు. స్టాంపు ఖర్చు కొన్నోడిది ఓబులేసూ, వేరేగా మాట్లాడుకుంటే తప్ప, అది చట్టంలోనే ఉండాది అన్నాడు. నీకు వేరేగా ఎవరు చెప్పినారని అడిగినాడు.

మా చెల్లెలి మొగుడు అని చెప్పడానికి సిగ్గయింది నాకు.

ఆసుపత్రోళ్లు నాయన్ను ఇంకో వారం ఉంచమన్నారు బావా. దుడ్లు చాల్లేదు. పిలుచుకొచ్చేసినాం. పదకొండో దినం పోయినాడు. ఆ వారం ఉంచుంటే బతికేవాడా అంటే నాకు తెలీదు. డాక్టరుకూ తెలీదు. తెలీదు కాబట్టే ఇన్నేండ్లు నిద్ర పట్టలేదు నాకు. ముప్పై వేలు చాలక పోయినాడా, కాలం చెల్లి పోయినాడా. ఎవరినడగల్ల?

తల దించుకుంటే సరిపోదు. తల ఎత్తు. ఆ, అట్ల.

ఏమంటాండావు? ముప్పై వేలూ వడ్డీతో ఇస్తావా? ఇంకో లక్ష కలిపిస్తావా? ఆ చెక్కుబుక్కు లోపల పెట్టప్పా. బ్యాంకులో ఉండే నీ దుడ్లు చూసి నోరు తెరిచేంత కరువులో నేను ఇప్పుడు లేను. నా మేకలు నన్ను బాగానే సాకుతాండాయి.

కోర్టుకు పోతావా? పో. న్యాయం నీ పక్కే ఉండొచ్చు, నువ్వు దుడ్లిచ్చింది నిజమే, పంతొమ్మిదేండ్లు దున్నింది నిజమే. నేను కనుక్కున్నానులే. కోర్టు ఫీజు కట్టల్ల. లాయరుకు ఇయ్యల్ల. వాయిదా వాయిదాకూ కారు తీయల్ల, సాక్షులకు భోజనం పెట్టల్ల. ఐదేండ్లు పట్టొచ్చు, పదేండ్లు పట్టొచ్చు. శుక్రవారం మాత్రం ఎల్లుండే.

ఎందుకు బావా లేస్తావు. నేను సంతకం పెట్టనని యాడన్నాను?

పెడతాను. రేపు పొద్దున్నే పెడతాను. మార్కండేయకు నిన్ననే చెప్పి పెట్టినాను, కాగితం కూడా రాస్తాండాడు. కానీ అది సవరణ దస్తావేజు కాదు, నీ పేరు మీదా కాదు.

బాయి చేను నాలుగెకరాలు నేను మా చెల్లెలు లలితమ్మకు దానంగా రాసిస్తాండా.

చూసినావా, ఇప్పుడు నీ మొహం చూసుకో. సుబ్బరత్నను అద్దం తెమ్మంటా ఉండు.

ఆమె పేరు మీద రిజిస్టర్ అవుతుంది. పట్టా ఆమెది, పాసుబుక్కు ఆమెది. అమ్మల్లంటే నువ్వు ఆమెను అడగల్ల. బెంగళూరోళ్ల ముందర సంతకం ఆమె పెట్టల్ల. దుడ్లు ఆమె బ్యాంకు బుక్కులో పడతాయి. కూరాకు తేవడానికి కూడా నీ చొక్కా జేబు ముందర నిలబడుకున్న మనిషి ఆమె. ఇంక నువ్వు నిలబడు.

ఖర్చు సంగతి అడగవేం? అడుగు. స్టాంపులు నావి. ఫీజు నాది. మార్కండేయ కూలి నాది. అన్న చెల్లెలికి రాసిస్తే రక్తసంబంధం కిందికి వస్తుందంట, స్టాంపు కూడా తక్కువే అంట. ఎక్కువైనా నేనే కడతాను. నా జన్మలో ఇంత ఇష్టంగా నేను దేనికీ దుడ్లు కట్టలేదు.

గుట్ట మాత్రం నీ పేరు మీదే ఉండనీ. దుడ్లిచ్చి కొన్నావు కదా దాన్ని. నా మేకలను వేరే పక్క తోలుకుంటాను.

నవ్వుతాండావే? ఇంతసేపూ ఏడుపు మొహం పెట్టి ఇప్పుడెందుకు నవ్వుతావు?

ఏమీ?

రాసినోడు పై వరుస ఎక్కించినాడని నాకెవరు చెప్పినారా?

లలితమ్మ... పొద్దున వచ్చింది కదా, లలితమ్మే చెప్పింది.

ఆమెకెట్ల తెలుస్తుంది అంటావా. లాయరు కాగితంలో నంబరు తప్పని ఉండాదే కానీ, భాగాల కాగితంలో ఏది పై వరుసో ఏది కింది వరుసో లేదంటావా. ఆ కాగితం ఆ దినమే నా చేతికి తిరిగిచ్చినావు. ఔను. నా పెట్టెలోనే ఉండాది.

నెమ్మదిగా మాట్లాడు బావా. వంటింట్లోకి ఇనపడుతుంది.

ఇట్ల రా, దగ్గరికి జరుగు. చెప్తాను. ఎవరికీ చెప్పలేదు, సుబ్బరత్నకు కూడా.

ఆ దినం దస్తావేజు నాకు చదవమని ఇచ్చినారు. నీకు చదవడం విసుగు, నువ్వు చూడలేదు. నేను పదో తరగతి దాకా పోయినోణ్ణి కదా, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదివినాను. నంబరు కాడికి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. రెండు. మూడు ఉండల్ల, రెండు ఉండాది. హద్దులు చూస్తే గుట్టవి. బావా, ఈడ తప్పు పడింది అని చెప్పడానికి నోరు తెరిచినాను. దేవుడి సాక్షిగా తెరిచినాను.

అప్పుడే టీ అబ్బి గ్లాసులు తీసుకొని పోతాంటే వాణ్ణి ఆపి, ఎన్ని టీలప్పా అని అడిగినావు నువ్వు. వాడు ఏడు అన్నాడు. సిగిరెట్టు అట్ట మళ్ల బయటికి తీసి, దాని అడుగున రాసినావు. మా నాయన ఆసుపత్రిలో ఉండాడు, నేను పొద్దున నుంచి ఏమీ తినలేదు, నేను తాగిన ఆ ఒక్క టీ కూడా నా చేను దుడ్లలోనే కోసినావు.

నోరు మూసుకున్నాను. సంతకం పెట్టినాను. వేలిముద్రలు వేసినాను.

వచ్చేటప్పుడు జీపులో వెనకల కూచోని, తిననీ, దున్ననీ, అది నీది కాదులే అని లోపల్లోపలే అనుకున్నాను. ఆ మాటే నన్ను నిలబెట్టింది. నాయనకు కొరివి పెట్టి వచ్చిన రాత్రి కూడా ఆ మాటే అనుకుంటా పండుకున్నాను. మీరు పండగకు పిలిస్తే వచ్చి తిన్నాను, ఆ మాట కడుపులో పెట్టుకొనే తిన్నాను. ఎంత కమ్మగుండేదో నీకు తెలీదు.

కానీ బావా, మధ్యలో ఒక దినం వచ్చింది.

బాయి ఎండిపోతే మీరు బోరు వేయించినారు. లలితమ్మ మెడలో గొలుసు అమ్మి వేయించినారు. టెంకాయ కొట్టింది నేనే. నీళ్లు పడినాక ఆమె బురదలోనే పరిగెత్తుకొని వచ్చి, అన్నా నా చేన్లో నీళ్లు పడినాయి అని నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నా చేను అనింది. అది నీది కాదమ్మా, అన్న పేరు మీద ఉండాది, ముందు కాగితం సరి చేయించుకో అని ఆ దినమన్నా చెప్పల్ల నేను. చెప్పలేదు. చెప్తే నువ్వు కూడా బాగుపడతావు కదా.

నిన్ను కొట్టల్లని ఎత్తిన రాయి ఇన్నేండ్లూ ఆమె తల మీద పట్టుకోని నిలబడినాను బావా.

పొద్దున బస్సు దిగి వస్తానే అడిగింది. అన్నా, నీకు ఇది ముందే తెలుసునా అని. తెలీదన్నాను. నాయన మీద ఒట్టు పెట్టి తెలీదన్నాను. ఆమె నమ్మింది. నమ్మి లోపలికి పోయి కొంగు దోపుకొని వంటకు కూచునింది. అప్పటికప్పుడు అనుకున్నాను, ఆమెకే రాసిచ్చేస్తానని. మార్కండేయకు నిన్ననే చెప్పినానన్నది అబద్ధం. ఆమె వచ్చినాకే ఫోను చేసినాను.

ఆమెకు చెప్పొద్దు బావా. నీకు పుణ్యముంటుంది. ఇంకోసారి నీ కాళ్లు మొక్కమంటే మొక్కుతాను. నవ్వు, నవ్వుకో. నీ వంతు వచ్చింది.

ఎవరు?

ఎంతసేపైంది లలితమ్మా ఆడ నిలబడుకోని?

బావా, పక్కకు జరుగు. ప్లేట్లు పెట్టనీ ఆమెను. నాలుగు ప్లేట్లు. సుబ్బరత్నా, నువ్వూ రావల్లంట, అందరూ ఒకటేసారి కూచోవల్లంట. చారు గిన్నె ఈడికే తెచ్చేయి.

మన ఇండ్లల్లో మొగోళ్లు తిని లేస్తేనే కదా వీళ్లు కూచునేది. చూడు, మనకంటే ముందే కూచునింది. కూచో బావా, ఆమె నీ పక్కే చూస్తాండాది. నా పక్క చూడదు.

ఏమన్నావమ్మా? రేపు నువ్వూ వస్తావా రిజిస్ట్రారాఫీసుకు? రా, నువ్వు లేకుండా ఎట్ల అవుతుంది.

కాగితం నువ్వే చదువుతావా. నంబరు నువ్వే చూసుకుంటావా, హద్దులు కూడా. మీ ఇద్దరి చదువూ నేను చూసేసినాను అంటావా.

సరేమ్మా. నువ్వే చదువు.

బావా, ఆ చారు ఇట్ల జరుపు. ఈ పొద్దు నాకు ఆమె జరపదులే.