రంగు కింద బంక

జూలూరుపాడు అవతల రేకుల ఇంటి ముందు, రంగులేసే అతను ఉయ్యాల తొట్టెను బోర్లించి చూస్తున్నాడు. పిల్లతల్లి పక్కనే నిలబడింది.

“చెక్కలో ఇన్ని ముడులుంటే లక్క పూయకుండ రంగేసిందెవరు చెల్లె? పైన్ చెక్క ఇది. ఎండకు బంక కారదా?”

“మా ఆయనే అన్నా. కాన్పు దగ్గరపడ్డదని జల్దీ జల్దీ వేసిండు.”

“పిలువు, నాలుగు తిడతా.”

“ఆ వారమే పామాయిల్ తోటలో ఆయన తోలే ట్రాక్టర్ బోల్తా పడ్డది. బిడ్డ మొకం కూడా చూడలే.”

“అయ్యో, నాకు తెల్వదు చెల్లె.”

“పాప జుట్టు బంకకు అంటుకుంటుంది. నోట్లో పెట్టుకుంటదేమోనని భయమైతుంది. పైన ఇంకోసారి రంగేస్తే ఆగదా?”

“ఆగదు. ముడుల మీద రంగంతా గీకి, బంక తుడిచి, లక్క రెండుసార్లు పూయాలె. అది ఆరినంకనే రంగు. ఇగో, ఈ పెద్ద ముడితో మొదలుపెడతా... దీని మీద వేలిముద్ర ఉందేంది?”

“ఆయనదే. ఆరిందా లేదా అని ముట్టి చూసిండు.”

“మరి గీకమంటవా?”

“గీకాలె గదన్నా, పిల్ల పడుకునేది. ఒక్క నిమిషం ఆగు, పాపను తెస్తా. దాని వేలు ఒక్కసారి ఆ ముద్రలో పెట్టనియ్యి.”