మూడు పూతల సున్నం

2003, మే నెల. శామీర్‌పేట రోడ్డు మీద లింగం టీ కొట్టు. నేను వెళ్లింది ఎదురింటి జనార్ధన్‌కు ఒక మాట చెప్పడానికి. మధ్యాహ్నం వాళ్లమ్మ మా గేటు దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. మజ్జిగ తాగించాం. తేరుకుంది. మా హాల్లో పడుకుంది.

"జనార్ధన్ గారూ, మీ అమ్మగారు..."

"ఆగక్కా. నువ్వు గూడ ఇను, నీకే చెప్పాల్నని ఉన్న. మీ ఇంటాయన ఫణిభూషణ్ సారు పాత డాబ మీద సున్నం పూసిండు, ఇల్లు సల్లగైందని కాలనీ అంతా ఒకటే ముచ్చట. మా అమ్మ గూడ పొద్దుగాల్నుంచి గా ఇంటి మాటే. కన్నకొడుకును, నాకు కడుపు మండదా? సారు ఒక్క పూత గొడితే నేను మూడు గొట్టిచ్చిన. మొదటి పూతకే ఫ్యాన్లు బంద్. రెండో పూతకు పెట్టె ఇప్పి చెద్దర్లు దీసి కప్పుకున్నం."

"స్వెట్టర్లు తియ్యలేదా?" లింగం చాయ్ వడపోస్తూ అన్నాడు.

"గాడికే వస్తున్న. మూడో పూతకు కుండల నీళ్లు గడ్డ కట్టినయ్, తాగాల్నంటే సుత్తె పట్టుకోవాలె. గోడ మీది బల్లి వణుక్కుంట వచ్చి నా చెద్దర్ల దూరింది, నేనే జర జరిగి జాగ ఇచ్చిన. చెరువు కొంగలు మా డాబను జూసి మంచుకొండ అనుకొని దిగినయ్, కాళ్లు అతుక్కపోయినయ్. ఉడుకు నీళ్లు పోసి ఇడిపిచ్చిన."

"చాయ్ గూడ పోసినవా కాకా?" అన్నాడు బెంచీ మీద కూర్చున్న మహేష్.

"పోసిన. శక్కెర తక్కువన్నయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సూర్యుడు మా డాబ మీదికొచ్చిండు. గా తెలుపుల ఆయన మొకం ఆయనకే కండ్ల గొట్టింది, తట్టుకోలే. ఇగ ఆ దినం నుంచి మా ఇల్లు రాంగనే పక్కకు మీ సారు ఇంటి మీదికెల్లి పోతుండు. అక్కా, ఏమనుకోకు. మీ ఇల్లు ఉడుకుతాందంటే తప్పు నాదే."

అందరూ నవ్వారు. నవ్వు తగ్గేదాకా ఆగాను.

"మీ అమ్మగారు ఇవాళ వడియాలు పెడదామని మీ డాబా ఎక్కారు."

"ఎక్కితే? మంచుల జారిందా?"

"అరికాళ్లు బొబ్బలెక్కాయి. సున్నం పిట్టగోడకే ఉందట. డాబా నల్లగానే ఉందట."

మహేష్ లేచి రోడ్డవతలి జనార్ధన్ ఇంటి వైపు చూశాడు. "నిజమే. ఈడికి కనిపించేది పిట్టగోడే గద కాకా," అన్నాడు నెమ్మదిగా.

జనార్ధన్ గ్లాసు కింద పెట్టాడు. "అమ్మ యాడుంది?"

"మా ఇంట్లో. చల్లగా ఉందని దుప్పటి కప్పమన్నారు. ఈ ఎండలు పోయేదాకా అక్కడే ఉంటారట. దిండు పంపమన్నారు."

జనార్ధన్ లేచి, నా పక్కకు వచ్చి, లింగానికి వినపడకుండా అడిగాడు.

"దిండు నేనే తెస్త. అక్కా... సారు సున్నంల ఏం కలిపిండు?"

"జిగురు," అన్నాను. "కలిపి, డాబా పైన పూశారు."