పంతొమ్మిదేళ్ల అద్దెదారు

ఆ రోజు నాన్న సంవత్సరీకం. పూజ ముగించుకుని మలేషియాలో, తైపింగ్‌లోని మా ఇంటి వరండాలో కాఫీ తాగుతున్నాం. చిన్నాన్న సూయ్ హాక్ అమ్మ చేత ఓ అద్దె ఇల్లు కొనిపించాలని వచ్చాడు. నాన్న భవిష్యనిధి డబ్బంతా అందులోకే పోతుంది. ఇక అమ్మ సంతకం ఒక్కటే తక్కువ. పక్కింటి లియోంగ్ మామయ్య వేరుశనక్కాయలు ఒలుస్తూ చిన్నాన్న మొహం వంక చూడకుండా వింటున్నాడు.

"ఇల్లు కొనడం గొప్ప కాదు వదినా. బ్యాంకు వాయిదా కట్టి, కారే కప్పు బాగుచేయించి, ఆపైన కూడా నెలనెలా చేతిలో నాలుగు రింగిట్లు మిగిలే ఇల్లు వెతికి పట్టడం గొప్ప. నా మొదటిదాంట్లో మిగిలింది యాభయ్యే, అబద్ధమెందుకు? ఆ తర్వాత ఏమైందో తెలుసా? అద్దెకున్నాయనే వచ్చి, ఇంత తక్కువ ఇస్తుంటే నాకు నిద్ర పట్టడం లేదు, పెంచండి బాబూ అన్నాడు."

"పెంచావా?" అన్నాడు లియోంగ్ మామయ్య.

"కాళ్లు పట్టుకుంటే ఒప్పుకున్నాను. దాంతో రెండో ఇల్లు, రెండుతో ఏడు, ఏడుతో ఒక వీధి. బ్యాంకు మేనేజరు ఎదురొచ్చి, వాయిదాలు మేమే మీకు కడతాం, అప్పు మాత్రం మా దగ్గరే తీసుకోండి అంటాడు. ఈ ఊళ్లో రోజూ వానేగా, నా కప్పుల దగ్గరికొచ్చేసరికి పక్కకి తప్పుకుని పోతుంది."

"అందుకే మాకు రెండింతలు పడుతోంది," అన్నాడు మామయ్య.

"నవ్వు. వదినకిచ్చేది వాటిల్లో ముత్యం. పంతొమ్మిదేళ్లుగా ఒకటే కుటుంబం, మన హొక్కియెన్ చీనావాళ్లే, రెండు పూటలా ఊదొత్తులు వెలిగించందే ముద్ద ముట్టరు. ముసలాయన పోయాడా, ఆ నెల అద్దె కూడా ఆయనే తెచ్చిచ్చాడు!"

అమ్మ మెల్లగా కప్పు కింద పెట్టింది.

"నిన్న బస్సెక్కి వెళ్లి చూసొచ్చాను నాయనా," అంది. "గుమ్మం పక్కన ఆకాశదేవుడి పీఠం ఉంది. పైన మసి లేదు."

మేమందరం తలెత్తి మా పీఠం పైన చూశాం. పదకొండేళ్ల పొగకి గోడ నల్లగా నిగనిగలాడుతోంది.

"మొన్ననే సున్నం వేయించాను వదినా."

"వేయించావనే అనుకో. ధూపం కుండలో బూడిదేది? ఇల్లు మారినా బూడిద మోసుకుపోయే జాతి మనది. అందులో చిటికెడైనా లేదు. కుండ మీద కొట్టువాడి ధర చీటీ ఉంది."

చిన్నాన్న కప్పులో మిగిలిన కాఫీ గటగటా తాగేశాడు.

"ముందు ఆ ఇంట్లోకి ఎవరినైనా దింపు. పంతొమ్మిదేళ్లయ్యాక సంతకం పెడతాను," అని అమ్మ ఆయన కప్పులో మళ్లీ కాఫీ పోసింది.