మెలకువ గంటలు

కౌన్సెలింగ్ కేంద్రంలో మేడమీది చివరి గది. బయట వదలని ముసురు. బల్లకు ఒకవైపు పెద్ద కౌన్సెలరు. ఎదుట, ఆమె పర్యవేక్షణలో నిర్ణీత గంటలు పూర్తిచేసి ఆమె సంతకం తీసుకుంటే తప్ప లైసెన్సు రాని శిక్షణార్థి, నిన్నమొన్నటిదాకా బడిలో లెక్కలు చెప్పినవాడు.

"...అదిగో, అక్కడ తొందరపడ్డావు. ఆవిడ ఊపిరి తీసుకోకముందే ఇంకో ప్రశ్న వేశావు."

"ఎవరు మేడమ్?"

"ఎవరేంటి? నీ సెషను రికార్డింగులో ఆవిడ. కోడలితో పడనావిడ."

"ఆవిడది అయిపోయింది మేడమ్. ఇప్పుడు వినిపిస్తున్నది బస్సు డ్రైవరుది."

"ఎప్పుడు మార్చావు?"

"మీరు కాసేపు కళ్లు మూసుకున్నప్పుడు."

"కళ్లు మూసుకుంటేనే నాకు చెవులు బాగా పనిచేస్తాయి."

"అవును మేడమ్."

"గురక పెట్టానా?"

"లేదు మేడమ్."

"లెక్కల మాస్టారూ..."

"కొంచెం. ఆవిడ ఏడుపూ మీ గురకా ఒకేసారి మొదలయ్యాయి. కాసేపు ఏది ఏదో తెలియలేదు."

"నవ్వకు. ఇదే మొదటిసారా?"

"టీ చెప్పనా మేడమ్?"

"టీ సంగతి అడిగానా నిన్ను?"

"ముసురు పట్టినప్పట్నుంచీ, అప్పుడప్పుడూ."

"అప్పుడప్పుడంటే?"

"నేనొచ్చినప్పుడల్లా."

"ఓరి దేవుడా! వానాకాలం వెళ్లిపోవచ్చింది కదా. లేపొచ్చు కదయ్యా?"

"ఒకసారి లేపాను. 'తిప్పుతున్నా, తిప్పుతున్నా, కాస్త ఆగండి' అన్నారు. ఇక లేపబుద్ధి కాలేదు. ఇంట్లో సార్‌కి ఎలా ఉంది?"

"ఉన్నారు. పక్షవాతం వచ్చిన మనిషి ఎక్కడికి పోతారు? ఇంటి సంగతులు ఇక్కడొద్దు."

"రాత్రిళ్లు చూసుకోవడానికి ఎవర్నైనా పెట్టుకోవచ్చు కదా?"

"పెట్టాను. ఆవిడ నాకన్నా బాగా నిద్రపోయేది. ఆయన్నీ ఆవిడనీ ఇద్దర్నీ నేనే లేపి పక్కకి తిప్పాల్సొచ్చేది. మానిపించేశాను. మాట మార్చకు. నేను నిద్రపోతే ఆ గంటంతా నువ్వేం చేస్తావు?"

"ఏముంది... ఫ్యాను తగ్గిస్తాను. మీ ఫోను నా దగ్గర పెట్టుకుంటాను, ఇంటి దగ్గర్నుంచి తప్ప ఏదొచ్చినా ఎత్తను. కింద రిసెప్షన్ అమ్మాయి వస్తే తలుపు కొంచెం తీసి, 'లోపల గడ్డు కేసు' అంటాను."

"నమ్ముతుందా?"

"రోజురోజుకీ నమ్మకం పెరుగుతోంది. పోయినవారం మెట్ల దగ్గర ఆపి, 'ఆ మనిషికి ఏమైనా తగ్గిందా సార్?' అని అడిగింది."

"ఏమన్నావు?"

"మనిషి గట్టిదే, అలసిపోయిందంతే అన్నాను."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. నీకూ బాగానే కుదిరిందిలే. నిలదీసేవాళ్లు లేరు. 'అక్కడెందుకు మౌనంగా ఉన్నావు, ఇక్కడెందుకు నోరు విప్పావు' అని గొంతుమీద కూర్చునే ముసల్ది నిద్రపోతోంది. గంటకి గంట జమ."

"అలాగే అనుకోండి."

"అలాగే అనుకోనా? కోపం రాలేదా నీకు?"

"వచ్చింది. మొదట్లో ఈ మెట్లు దిగుతూ మిమ్మల్ని బాగా తిట్టుకున్నాను. చేస్తున్న ఉద్యోగం వదులుకుని వచ్చాను మేడమ్. బడిలో ఇప్పటికీ నా పేరు 'పిచ్చాసుపత్రి పంతులు'. లైసెన్సెప్పుడని మా ఆవిడ అడగడం కూడా మానేసింది. ఒకరోజు పోట్లాడదామనే వచ్చాను. మీరు అప్పటికే, చెంప కింద చెయ్యి పెట్టుకుని..."

"మరి పోట్లాడలేదే?"

"మీరు మొదటిరోజు చెప్పిన మాట గుర్తొచ్చింది. మనిషి కథ అడిగే ముందు, తిన్నాడా, పడుకున్నాడా అని అడగమన్నారు."

"అది క్లయింట్ల సంగతి."

"అవును మేడమ్."

"అవును మేడమ్, అవును మేడమ్. జాలిపడి జోకొట్టడం వైద్యం కాదని కూడా చెప్పాను. అది గుర్తులేదా? సరే, ఇది చెప్పు. ఇన్నాళ్లూ నీ తప్పులెవరు దిద్దారు? ఎవడి వీపు వాడికి కనపడదు. ఆ డ్రైవరు తన చేతుల్లో పోయిన పిల్లాడి మాటెత్తితే నువ్వు టక్కున మాట మళ్లించేవాడివి. మెలకువగా ఉన్న రోజుల్లో నేనే పట్టుకున్నాను."

"ఇప్పుడు మళ్లించట్లేదు."

"నీకెలా తెలుసు?"

"దిద్దేవాళ్లు దిద్దారులెండి."

"ఎవరు?"

"...అంటే, అనుభవం."

"అనుభవమా? ఆగాగు. ఆమధ్య నువ్వు గడియారంగారి వీధిలో కనిపించావట?"

"ఎవరన్నారు?"

"ఎవరంటే ఏం? ఆయనా నాలాగే శిక్షణిచ్చి సంతకాలు పెట్టేవాడే, కానీ ఆయన దగ్గర కౌన్సెలింగ్ నేర్చుకోవడం కన్నా బస్టాండులో టైం చెప్పే పని చేసుకోవడం నయం. అవతల మనిషి గుండె పగిలి ఏడుస్తుంటే గోడవైపు చూస్తాడు, ముల్లు ఎక్కడుందా అని. అటువైపు నీకేం పని?"

"కళ్లజోడు బాగుచేయించడానికి."

"నీకు కళ్లజోడు లేదు."

"మా ఆవిడది."

"హుఁ. ఆయనైతే నిద్రపోడులే. ఆ ఒక్కటీ ఒప్పుకోవాలి."

"నిద్రపోరు."

"నీకెలా తెలుసు?"

"మీరే అన్నారుగా మేడమ్."

"సరే, పోనీ. నాకు ఓపిక లేదు. నా లెక్కలో ఇవాళ్టితో నీ గంటలు అయిపోతాయి. వానలకు ముందు జరిగినవాటికి అప్పుడే సంతకం పెట్టించుకున్నావు. ఇంత ముందెందుకయ్యా అంటే ఆఫీసువాళ్లు అడిగారన్నావు. మిగిలినవాటి కాగితం ఇటివ్వు."

"తేలేదు మేడమ్."

"చివరి రోజున కాగితం తేలేదా? లెక్కల పంతులువి!"

"తొందరేముంది? ఇంకో రెండు నెలలు వస్తాను."

"రెండు నెలలా? ఈ సంతకం కోసం జనం నా గుమ్మం అరగదీస్తారు. నువ్వేంటి, పెడతానంటే పారిపోతున్నావు?"

"పారిపోవట్లేదు. వస్తానంటున్నాను."

"అర్థమైంది. నీకు మనసొప్పట్లేదు. గురకలు విన్న గంటల్ని పాఠాలు విన్న గంటలని రాసుకోలేవు. నిన్ను చూస్తే నాకు సిగ్గుగా ఉంది నాయనా. తప్పు నీది కాదు. ఈ కుర్చీలో కూర్చున్నదాన్ని, మెలకువగా ఉండటమొక్కటే నా పని. అదీ చేతకాలేదు. డ్రాయరులో ఖాళీ పత్రాలున్నాయి, ఒకటి తియ్యి. అన్ని గంటలూ చక్కగా విన్నానని రాసి సంతకం పెడతాను. ఇన్నేళ్లలో ఒక్క అబద్ధం రాయలేదు, ఇదొక్కటి రాస్తాను."

"వద్దు మేడమ్."

"తియ్యమంటే."

"తెలిస్తే మీ లైసెన్సు పోతుంది."

"పోనీ. ఇంట్లో కూర్చుంటాను."

"ఇంట్లో కూర్చుంటే మీకు మరి..."

"మరి?"

"ఏం లేదు."

"సగం మాట మింగకు. క్లయింటు అలా మింగితే ఏం చెయ్యమన్నాను?"

"ఆగమన్నారు."

"ఆగాను. చెప్పు. చెప్పవా? నీ ఇష్టం. లే, పక్కకి జరుగు. డ్రాయరు నేనే తీసుకుంటాను. పెన్నివ్వు. నీ రిజిస్ట్రేషను నంబరెంత? పెన్నివ్వవయ్యా, ఆ చేయి వెనకెందుకు?"

"రాయకండి మేడమ్. మీరు మెలకువగా విన్న గంటలు మీ సంతకంతో, మిగిలినవి గడియారంగారి సంతకంతో, అన్నీ కలిపి ఎప్పుడో పంపేశాను. నాకు లైసెన్సు వచ్చి నెల దాటింది."

"...ఏంటీ?"

"చెబుదామనే వచ్చాను ఆ రోజు. మీరు అప్పటికే..."

"నెల దాటిందా? మరి ఈ నెలంతా, ప్రతి మంగళవారం ఇంత వానలో పడి, ఆ టేపులు పట్టుకుని నా దగ్గరికెందుకొచ్చావు?"

"డ్రైవరు గొంతు మంద్రంగా ఉంటుంది మేడమ్, మీకు త్వరగా నిద్ర పడుతుంది. ఇంకా అరగంట ఉంది. ఫోనిలా ఇవ్వండి."